ఉత్తరగాలి వచ్చిందా?

కోల్‌కతా మధ్యతరగతి ఇళ్లలో చలికాలం రాకను మొదట ప్రకటించేది సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్. దుర్గాపూజ రోజుల్లో అయిదు మీద గిరగిరా తిరిగిన ఫ్యాను లక్ష్మీపూజ దాటాక నాలుగుకు, కాళీపూజ నాటికి మూడుకు దిగుతుంది. ఆ తర్వాత ఒకనాటి తెల్లవారుజామున ఇంట్లో ఎవరో ఒకరు లేచి దాన్ని పూర్తిగా కట్టేసి, కాళ్ల దగ్గరున్న పల్చటి దుప్పటి మీదికి లాక్కుని పడుకుంటారు. తెల్లారాక టీ తాగుతూ ఆ విషయాన్నే పెద్ద వార్తలా చెప్పుకుంటారు. ఆ రోజు నుంచి పెద్దవాళ్ల నోట ఒకే మాట: ‘ఠాండా లేగే జాబే’. అంటే, జలుబు చేస్తుంది జాగ్రత్త అని. అలీపూర్ వాతావరణ కేంద్రంలో పాదరసం ఇంకా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అయినా మంకీ క్యాపులు పెట్టెల్లోంచి బయటికొస్తాయి.

ఈ టోపీల మీద దేశమంతా జోకులేసుకుంటుంది. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో చలిమంట వేసుకున్నవారికి కోల్‌కతా చలి చలిలాగే అనిపించదు. అయితే ఏడాదిలో ఎనిమిది నెలలు చొక్కా వీపుకు అంటుకుపోయే ఊళ్లో ఒళ్లు పొడిబారడమే ఒక భాగ్యం. పెదవి పగలడం, మడమ బిరుసెక్కడం, 1929 నుంచి బెంగాలీ ఇళ్లను ఏలుతున్న బోరోలిన్ ఆకుపచ్చ ట్యూబు కోసం అలమరాలో వెతుకులాడటం కూడా ఆ భాగ్యంలో భాగమే. ఇక్కడ చలికాలమంటే కష్టకాలం కాదు, సెలవు లాంటిది. సెలవు కోసం పిల్లలు ఎదురుచూసినట్టే ఈ నగరం ఉత్తరగాలి కోసం ఎదురుచూస్తుంది.

బెంగాలీలు ఈ ఎదురుచూపులకు కూడా ఒక ఋతువును కేటాయించారు. అదే హేమంతం. తెలుగువారి లెక్కలో హేమంతమంటే మార్గశిరం, పుష్యం. కార్తీకం శరత్తులోకి పోతుంది. బెంగాలీ పంచాంగంలో కార్తీక్, అగ్రహాయణ్ నెలలు హేమంతం. వాళ్లది సౌరమానం కాబట్టి ఇంచుమించు అక్టోబర్ మూడో వారం నుంచి డిసెంబర్ నడిమి దాకా అన్నమాట. పుష్యం వచ్చేసరికి వాళ్లకు అసలైన శీతకాలం మొదలైపోతుంది. అంటే శరత్తుకు, చలికి మధ్య అటూ ఇటూ కాని రెండు నెలలకు తెలుగువారు వేరే పేరు పెట్టలేదు, బెంగాలీలు పెట్టారు. పేరున్నచోట పట్టింపు ఉంటుంది. పొద్దున ఆకు మీద మంచు చుక్క, మధ్యాహ్నం మెత్తబడిన ఎండ, అయిదు దాటితే చాలు దిగిపోయే చీకటి... వీటన్నిటికీ బెంగాలీ సాహిత్యంలో హక్కుదారు ఒకాయన ఉన్నారు. కవి జీవనానంద దాస్. కోసిన వరిచేలు, పొగమంచు, కార్తీక మాసం ఆయన కవిత్వంలో మళ్లీ మళ్లీ వస్తాయి. 1954 అక్టోబర్ 14న కోల్‌కతాలో ట్రామ్ ఢీకొని, 22న ఆయన కన్నుమూశారు. అప్పటికి బెంగాలీ కార్తీకం వచ్చి నాలుగైదు రోజులైంది.

ముందుగా వచ్చేది వాసన. అక్టోబర్‌లో చీకటి పడగానే దక్షిణ కోల్‌కతా వీధుల్లో, సాల్ట్ లేక్ బ్లాకుల్లో ఒక ఘాటైన పూలవాసన గాలిని కమ్మేస్తుంది. అది ఛాతిమ్ చెట్టు. తెలుగులో ఏడాకుల పాల, సంస్కృతంలో సప్తపర్ణి. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం అదే. శాంతినికేతన్‌లో దేవేంద్రనాథ్ ఠాగూర్ ధ్యానం చేసుకున్నది ఛాతిమ్ నీడనే, ఆ చోటును ఇప్పటికీ ఛాతిమ్‌తలా అంటారు. బెంగాలీలకు ఈ వాసన పూజ సెలవులు అయిపోవచ్చాయన్న దిగులుతో కలగలిసి ఉంటుంది. తలనొప్పి తెస్తుందని విసుక్కునేవారూ లేకపోలేదు. ఇదే చెట్టుకు విశాఖపట్నంలో ఎదురైన గతి చూస్తే ముక్కుకు కూడా సంస్కారం నేర్పాలేమో అనిపిస్తుంది. 2014లో హుద్‌హుద్ తుపాను పచ్చదనాన్ని ఊడ్చేశాక అక్కడ త్వరగా ఎదుగుతాయని ఈ మొక్కలను విస్తారంగా నాటారు. కొన్నేళ్లకు అవి పూత పట్టగానే ఊపిరాడటం లేదని, అలర్జీలు వస్తున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకే ఋతువు, ఒకే పువ్వు. ఒక ఊరికి బాల్యం గుర్తొస్తుంది, ఇంకో ఊరికి డాక్టరు గుర్తొస్తాడు. వరుసపెట్టి ఒకే చెట్టు నాటడానికీ, తరాలుగా వీధికొకటి పెరగడానికీ తేడా ఉందనుకోండి.

వాసన తర్వాత వెలుగు. కాళీపూజ సమయంలో ట్యూబ్‌లైట్ల చుట్టూ గోధుమ గింజంత ఆకుపచ్చ పురుగులు మూగేవి. వాటికి ఇక్కడ శ్యామా పోకా అని పేరు, శ్యామా పూజ వేళకు వస్తాయి కనుక. పళ్లెంలో, పుస్తకంలో, జుట్టులో ఎక్కడ చూసినా అవే. తెలుగు రైతుకు ఈ పురుగు కొత్తేమీ కాదు. వరిచేలో రసం పీల్చే పచ్చ దీపపు పురుగు ఇదే. చుట్టుపక్కల వరిపొలాలున్నంత కాలం నగరానికి ఈ పీడ తప్పలేదు. పొలాలు ఫ్లాట్లవుతున్నకొద్దీ, పురుగుమందులు పెరుగుతున్నకొద్దీ వాటి రాక పల్చబడింది. పిల్లల అన్నంలో పురుగు పడలేదని సంతోషించాల్సిందే. కానీ దీపావళి రాత్రి బల్బు చుట్టూ ఏమీ ఎగరకపోవడం చూసి తాతలు ఏదో వెలితిగా ఉందనుకోవడంలో వింతేముంది?

కార్తీకం పొడుగునా ఇంటి కప్పు మీద వెదురు గడకు దీపం కట్టే ఆచారం ఇక్కడా ఉంది. పేరు కూడా తెలుగు శివాలయాల్లోని ధ్వజస్తంభాలకు కట్టేదే: ఆకాశప్రదీప్, మన ఆకాశదీపం. చనిపోయిన పెద్దలకు దారి కనపడాలని వెలిగిస్తారు. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్ల మీద అక్కడక్కడా ఇప్పటికీ కనిపిస్తుంది, కాకపోతే నూనె దీపం స్థానంలో రంగు బల్బు వచ్చింది. చుట్టూ పది పన్నెండు అంతస్తుల భవనాలు లేచాక ఏ పితృదేవతకైనా అయిదో అంతస్తు కిటికీ వెలుగుకూ, దీనికీ తేడా తెలియడం కష్టమే.

ఇక శబ్దం. నవంబర్ మొదటి వారాల్లో మధ్యాహ్నపు నిశ్శబ్దంలో ‘టంగ్... టంగ్’ అని తీగ మోగుతుంది. భుజాన పెద్ద విల్లు వేలాడేసుకుని ధునూరి వచ్చాడని అర్థం. మన దూదేకులవారి విల్లే, అదే వాయింపు. వీరిలో చాలామంది బీహార్ నుంచి ఈ సీజన్‌కు వస్తారు. పాత రజాయి విప్పి, గడ్డకట్టిన దూదిని మేడ మీద ఎండలో ఏకుతుంటే తెల్లటి నురగ లేచినట్టు లేస్తుంది. తర్వాత దాన్ని ఎర్రటి శాలూ గుడ్డలో కూరి కుడతారు. రజాయికి ఎరుపే ఎందుకో ఎవరినడిగినా ఒక్కో కారణం చెబుతారు. ఆ కొత్త రజాయి మొదటి రాత్రి ఎండవాసన వేస్తుంది. పాలియెస్టర్ కంఫర్టర్ యాప్‌లో ఆర్డరిస్తే మరుసటి రోజుకే వస్తుంది, ఉతికితే ఆరుతుంది, ధర కూడా తక్కువే. వాదనలన్నీ దాని పక్షానే ఉన్నాయి. ఆ వాసనొక్కటే లేదు.

వెల్లింగ్టన్ స్క్వేర్ దగ్గర, ఇప్పుడు రాజా సుబోధ్ మల్లిక్ స్క్వేర్ అంటున్నచోట, ఉన్ని దుస్తుల దుకాణాలు వెలుస్తాయి. టిబెటన్లనూ, హిమాలయాల నుంచి వచ్చిన ఇతరులనూ అందరినీ కలిపి జనం భుటియాలనేస్తారు. కశ్మీర్ నుంచి శాలువల మూట మోసుకొచ్చే వ్యాపారి పాత ఖాతాదారుల ఇళ్ల తలుపు తడతాడు. వాయిదాల మీద అమ్మి, మళ్లీ వచ్చే ఏడాది వచ్చి మిగతా బాకీ వసూలు చేసుకుంటాడు. వీధి చివర నేల మీద సున్నంతో గీతలు గీసి, వెదురుకు బల్బులు కట్టి కుర్రాళ్లు బ్యాడ్మింటన్ మొదలుపెడతారు. మార్కెట్‌లో కొత్త బంగాళాదుంప, మట్టి వాసన వదలని కాలీఫ్లవర్ దిగుతాయి. మామూలు బంగాళాదుంప సింగాడా (మన సమోసా) లోపలికి కాలీఫ్లవర్ ముక్క చేరితే హేమంతం వచ్చినట్టే. శీతల గిడ్డంగులూ, హైబ్రిడ్ విత్తనాలూ వచ్చాక కాలీఫ్లవర్ జూలైలోనూ దొరుకుతోంది. కానీ జూలైలో ఎవరూ దాన్ని సింగాడాలో పెట్టరు. ఆ మాత్రం మర్యాద ఇంకా మిగిలే ఉంది.

ఇన్ని ఆనందాల మధ్య ఒక సంగతి మరవకూడదు. ఈ ఋతువు నగరానికి ఎంత తీయనో పల్లెకు అంత తీయగా ఎన్నడూ లేదు. వరినాట్లు అయిపోయి, కోతలు రావడానికి ముందు కూలీకి పని ఉండని నెల కార్తీకం. దాన్ని ‘మొరా కార్తీక్’, చచ్చిన కార్తీకం అంటారు. అగ్రహాయణంలో అమన్ వరి ఇంటికొచ్చి కొత్త బియ్యంతో నవాన్న పండుగ చేసుకున్నాకే ఊపిరి పీల్చుకునేవారు. 1943 కరవు లక్షలాది ప్రాణాలు తీసుకుంది. ఆ మరుసటి ఏడాది బిజన్ భట్టాచార్య రాసిన ‘నవాన్న’ నాటకాన్ని ప్రజానాట్యమండలి మాతృసంస్థ ఇప్టా వేదిక మీదికి తెచ్చినప్పుడు ఆ పేరులోని ఎత్తిపొడుపు ప్రేక్షకులకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. 2013 నుంచి అదే పేరుతో హుగ్లీకి అవతల, హౌరాలో రాష్ట్ర సచివాలయం నడుస్తోంది. టీవీ చర్చల్లో ‘నవాన్న’ అన్నమాట ఇప్పుడు రోజుకు వందసార్లు వినిపిస్తుంది. కొత్త బియ్యం ఎవరికీ గుర్తు రాదు.

కొత్త బియ్యానికి తోడు కొత్త బెల్లం ఉండాలి. కోల్‌కతా హేమంతానికి ప్రాణమంతా అక్కడే ఉంది. నవంబర్ చివరి వారాల్లో మిఠాయి దుకాణం ముందు నిలబడ్డ వినియోగదారుడు గల్లాపెట్టె దగ్గరి మనిషిని అడిగే మొదటి ప్రశ్న: నొలెన్ గుర్ వచ్చిందా? 1826 నాటి భీమ్ చంద్ర నాగ్ అయినా, 1844 నాటి గిరీష్ చంద్ర దే-నకుర్ చంద్ర నందీ అయినా, వీధి చివరి పేరులేని కొట్టయినా ప్రశ్న ఇదే. తెల్లగా ఉండే సందేశ్, రసగుల్లా ఆ రోజుల్లో పల్చటి గోధుమ రంగుకు మారతాయి. పొగ, పాలు, ఎండిన ఆకు కలిసినట్టుండే ఒక పరిమళం వీధిలోకి వస్తుంది. జయనగర్ మోవా పెట్టెలు దిగుతాయి. కనకచూర్ అనే సువాసన వడ్ల పేలాలను ఈ బెల్లంతో, నేతితో కలిపి చుట్టే ఉండలవి. వాటికి 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

నొలెన్ గుర్ చెరకు బెల్లం కాదు, తాటిబెల్లం కూడా కాదు. ఈత బెల్లం. తెలంగాణలో గౌడన్న లొట్టి కట్టే ఈత చెట్టే అది. తెలుగు నేల మీద ఆ చెట్టు కల్లయింది, బెంగాల్‌లో బెల్లమైంది. రెంటికీ మధ్య ఉన్నది కొన్ని గంటల కాలం, కొన్ని డిగ్రీల చలి మాత్రమే. ఈత రసంలో తీపి ఉంటుంది కనుక గాలిలోని ఈస్ట్ వెంటనే దాని పని పడుతుంది. వెచ్చగా ఉంటే తెల్లారేసరికి పులుస్తుంది, నురగ కడుతుంది. రాత్రి చల్లగా, ఆకాశం నిర్మలంగా ఉంటే రసం అద్దంలా ఉంటుంది. మబ్బు పట్టినా, గాలిలో తేమ పెరిగినా మసకబారిపోతుంది. హైదరాబాద్‌లో 2023లో నీరా కేఫ్ తెరిచినప్పుడు రసం పులవకుండా చల్లటి పెట్టెల్లో తేవాల్సివచ్చింది. బెంగాల్ పల్లెల్లో ఆ పని ఉత్తరగాలి ఉచితంగా చేసిపెడుతుంది. లేదా, చేసిపెట్టేది.

ఈత గీసేవాడిని ఇక్కడ శియులి అంటారు. పారిజాత పుష్పానికీ ఇదే పేరు. వాన వెలిశాక పువ్వు రాలుతుంది, మంచు మొదలయ్యాక మనిషి చెట్టెక్కుతాడు. కార్తీకంలోనే పని మొదలవుతుంది. నడుముకు మోకు బిగించి పైకెక్కి, మొవ్వు కింద ఒకవైపు మట్టలు నరికి, పైపొర చెక్కి, కొన్నాళ్లు ఎండనిస్తాడు. తర్వాత సన్నగా గాటు పెట్టి వెదురు పుల్లతో చేసిన నాళం దిగ్గొడతాడు. దాని కింద సాయంత్రం కుండ కడతాడు, తెల్లవారకముందే దించుతాడు. వరసగా రెండు మూడు రోజులు గీస్తే, చెట్టుకు మళ్లీ అన్ని రోజులూ విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతి తర్వాత వచ్చే తొలి రసాన్ని ‘జిరేన్’ అంటారు. అసలు సువాసనంతా దానిదే. రెండో రోజు రసం ఒక మెట్టు తక్కువ. మూడో రోజుది ఇంకా తక్కువ. చెట్టు అలసిపోయిందని శియులి నాలుక మీద తెలుసుకుంటాడు.

సూర్యుడు పైకొచ్చేలోపు రసం పొయ్యి మీదికి చేరాలి. వెడల్పాటి లోతులేని పళ్లెంలో, ఎండిన ఈత మట్టలే వంటచెరకుగా గంటల తరబడి కాస్తారు. కిలో బెల్లానికి ఎనిమిది, పది లీటర్ల రసం పడుతుంది. ఎప్పుడు దించాలన్నదే కిటుకు. ముందుగా దించితే జారుడుగా ఝోలా గుర్, ఇంకాస్త ఆగితే అచ్చుల్లో పోసే పాటాలీ. అరిసెల పాకం పట్టినవారికి ఈ కంగారు తెలుసు, ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పని చెడుతుంది. చాలా ఇళ్లలో చెట్టు మగవాడిది, పొయ్యి ఆడమనిషిది. బెంగాలీ రచయిత నరేంద్రనాథ్ మిత్ర ‘రస్’ కథ రాసింది ఈ విభజన మీదే. అమితాబ్ బచ్చన్‌కు ‘జంజీర్’ వచ్చిన 1973లోనే ఆ కథ హిందీలో ‘సౌదాగర్’గా తెరకెక్కింది. రసం తీసే మోతీ పాకం పట్టే మహ్‌జుబీని (నూతన్) పెళ్లాడతాడు. ఆమె చేతి బెల్లం అమ్మి కూడబెట్టిన డబ్బుతో ఇంకో అందగత్తెను తెచ్చుకునేందుకు ఆమెకు తలాఖ్ ఇస్తాడు. కొత్త భార్యకు పాకం రాదు, బెల్లం మాడుతుంది, సంతలో పేరు పోతుంది. చివరికి రసం కుండ పట్టుకుని పాత భార్య ఇంటి ముందుకే వెళ్లాల్సివస్తుంది. చెట్టు, చలి, మనిషి మూడూ ఉన్నా పొయ్యి దగ్గరి చేయి లేకపోతే ఏమవుతుందో ఆ సినిమా చెప్పింది. ఇవాళ కరవైపోతున్నది నాలుగూ.

చలి సంగతి ముందు. బంగాళాఖాతంలో అక్టోబర్, నవంబర్ నెలల్లో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ సముద్రపు తేమగాలి లోపలికొచ్చి ఉత్తరగాలికి అడ్డుపడుతుంది. 2019 నవంబర్‌లో బుల్‌బుల్, 2024 అక్టోబర్‌లో దానా తుపానులు సరిగ్గా చెట్లు సిద్ధం చేసే రోజుల్లోనే వచ్చాయి. డిసెంబర్ వచ్చినా రసం మసకగానే ఉంటోందని శియులీల ఫిర్యాదు. చెట్టు విషయానికొస్తే, పొలం గట్టు మీది ఈత చెట్టుకు యజమాని వేరు. శియులి సీజన్‌కు కౌలు కట్టి గీసుకుంటాడు. ఇటుక బట్టీ వాడు వచ్చి కాండానికి ధర చెబితే యజమాని రెండో ఆలోచన చేయడు. మనిషి మాటకొస్తే, తెల్లవారుజామున నాలుగింటికి మంచులో తడిసిన ముళ్లచెట్టెక్కే పనిని తండ్రి కొడుక్కు ఎందుకు నేర్పాలి? ఏడాదిలో నాలుగు నెలల పని అది. జారిపడితే ఆదుకునేవారుండరు. దక్షిణ 24 పరగణాలు, నదియా, ముర్షిదాబాద్ జిల్లాల కుర్రాళ్లు కేరళకో హైదరాబాద్‌కో పరంజాలెక్కడానికి పోతున్నారు. అక్కడా ఎక్కేది ఎత్తే, కానీ కూలీ ఏడాదంతా దొరుకుతుంది. వాళ్లను తప్పుపట్టే హక్కు సందేశ్ తినేవారికి లేదు.

రసం తగ్గింది, గిరాకీ పెరిగింది. మరి దుకాణాల్లో బెల్లానికి లోటెందుకు లేదు? జవాబు అందరికీ తెలుసు. కాచేటప్పుడు చక్కెర గుమ్మరిస్తే రసం ఎంత తక్కువున్నా బరువు వస్తుంది, అచ్చు గట్టిపడుతుంది, రంగు మెరుస్తుంది. సువాసనకు సీసాల్లో ఎసెన్స్ దొరుకుతుంది. పాత గృహిణులు పాటాలీని వేలితో నొక్కి చూసేవారు. నలిగితే మంచిది, రాయిలా ఉంటే చక్కెరది. ఆ పరీక్ష చేసే వేళ్లు తగ్గిపోతున్నాయి. నొలెన్ గుర్ ఐస్‌క్రీం ఏడాది పొడవునా దొరికేచోట పుట్టి పెరిగిన పిల్లాడికి ఎసెన్సే అసలు రుచి అవుతుంది. రేపు వాడికి జిరేన్ రసంతో కాచిన బెల్లం పెడితే, ఇదేంటి పొగవాసన వస్తోంది అంటాడు. ఋతువు పోతే గుర్తుపట్టాల్సింది నాలుకే. దానికి ముందే మత్తు ఇచ్చేశారు.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నదియా జిల్లా మాజ్‌దియా బెల్లం సంతకు పేరుమోసింది. నికార్సయిన నొలెన్ గుర్‌ను టూత్‌పేస్ట్ మాదిరి ట్యూబుల్లో నింపి ‘విశ్వ బాంగ్లా’ దుకాణాల్లో పెట్టారు. విదేశాల్లోని బెంగాలీలు సూట్‌కేసుల్లో పట్టుకెళ్తున్నారు. 2025లో నొలెన్ గుర్ సందేశ్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అయితే గుర్తింపు పత్రం మిఠాయి పేరును కాపాడుతుంది. గట్టు మీది చెట్టును, దానికి కౌలు కట్టే మనిషిని అది కాపాడదు. తెలంగాణలో గీత కార్మికుల సొసైటీలు, వాటికి లైసెన్సులు, ప్రమాదంలో చనిపోతే పరిహారం, హరితహారంలో నాటిన ఈత మొక్కలు ఉన్నాయి. ఎన్ని లోపాలున్నా గీతను ఒక వృత్తిగా రాజకీయం గుర్తించింది. ఓట్లున్న కల్లుకు దక్కిన గౌరవం మర్యాదస్తురాలైన బెల్లానికి దక్కలేదు.

ఒకప్పటి చలికాలపు అతి సాదా సుఖం కుండలోంచి నేరుగా వంచుకుని తాగే పచ్చి రసం. పొద్దున్నే గ్లాసు రసం కడుపులోకి దిగుతుంటే దంతాలు జివ్వుమనేవి. ఇప్పుడు దాని మీదా నీడ పడింది. రాత్రి పూట గబ్బిలాలు కుండ మూతి నాకుతాయి, వాటి నుంచి నిపా వైరస్ రసంలోకి చేరవచ్చునని బంగ్లాదేశ్‌లో పరిశోధకులు తేల్చారు. పశ్చిమ బెంగాల్ కూడా 2001లో సిలిగురిలో, 2007లో నదియాలో ఆ జబ్బు చూసింది. కుండ మూతికి వెదురు తడికనో వలనో కట్టడం, రసం కాచకుండా తాగకపోవడం దీనికి మందు. కాచిన బెల్లంతో భయం లేదు. డాక్టర్లు చెప్పేది వినక తప్పదు. కాకపోతే రోడ్డు పక్క సైకిల్‌కు కుండలు కట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆగని కారు, ఆ తాగుడు మానుకున్న ఋతువులో ఎంత భాగమో లెక్క కట్టడం కష్టం.

ఇంతకూ ఉత్తరగాలి తెచ్చేవన్నీ సుఖాలేనా అంటే, కాదు. రాత్రి నేల చల్లబడితే దాన్నంటిన గాలి కూడా చల్లబడి కిందే ఉండిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రసాన్ని నిర్మలంగా ఉంచే ప్రశాంతమైన చలిరాత్రే నగరపు పొగను కిందే పట్టి ఉంచుతుంది. వాహనాలు, నిర్మాణాల దుమ్ము, తగలబెట్టిన చెత్త అన్నీ అందులోకే. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో సూక్ష్మ ధూళికణాలు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. డిసెంబర్, జనవరి రాత్రుల్లో కోల్‌కతా మొదటి గీతను కూడా తరచూ దాటేస్తుంది. ఒకప్పుడు సాయంత్రాల్లో ఇంటింటి బొగ్గు కుంపటి పొగ వీధిలో అడుగు ఎత్తున తెరలా నిలబడితే చలి వచ్చిందనేవారు. గ్యాసు వచ్చి ఆ పొగ పోయింది. ఇప్పటి మసకకు వాసన ఉండదు కనుక చాలామంది దాన్ని మంచే అనుకుంటారు. మైదాన్‌లో పొద్దున్నే నడకకొచ్చే పెద్దవాళ్లు విక్టోరియా మెమోరియల్ గుమ్మటం కనపడనంత మంచు అని మురిసిపోతూ, మఫ్లర్ బిగించి, దగ్గుతూ ముందుకు సాగుతారు. ఠాండా లేగే జాబే అన్న మాట ఇన్నాళ్లకు నిజమైంది. కాకపోతే జబ్బు చేసేది చలి వల్ల కాదు.

అయినా నగరం ఎదురుచూపు మానదు. మానాలనీ లేదు. సంక్రాంతి నాడు తెలుగిళ్లలో కొత్త బియ్యం, కొత్త బెల్లంతో అరిసెలు వండుకున్నట్టే ఇక్కడ అదే బియ్యపు పిండితో, ఈ ఈత బెల్లంతో పీఠే, పులీ చేసుకుంటారు. ఆ రోజుకు కనీసం ఒక్క పాటాలీ అయినా అసలుది దొరకాలని బాగా తెలిసినవారు సియాల్దా దక్షిణ శాఖ రైలెక్కి స్వయంగా జయనగర్ దాకా పోతారు.

బారుయిపూర్ దాటాక రైలు కిటికీలోంచి గట్ల మీద ఈత చెట్లు కనిపిస్తాయి. వాటి కాండం తిన్నగా ఉండదు. ఒక ఏడు ఇటువైపు, మరు ఏడు అటువైపు గీస్తారు కాబట్టి గాట్లు మెట్లలా, వంకరటింకరగా పైకి పోతాయి. లెక్కపెడితే చెట్టును ఎన్ని చలికాలాలు గీశారో తెలిసిపోతుంది. కొన్ని చెట్లకు పైన మొవ్వు దాకా గాట్లుంటాయి, కింద కుండ వేలాడుతుంటుంది. కొన్నిటికి సగం దాకానే. ఆపైన కాండం నున్నగా, నిటారుగా పెరిగిపోయి ఉంటుంది.